నవనీత కార్డు

ఆరాంఘర్‌లో బస్సు దిగేసరికే రేణుకకు విసుగెత్తిపోయింది. నారాయణపేటలో ఎక్కినప్పుడు ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్టు కొట్టే ముందు కండక్టరు ఆధార్ కార్డు అడిగి తీసుకుని, కార్డు మీది ఫోటోనూ ఆమె ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు. మహబూబ్‌నగర్‌లో ఎక్కిన చెకింగాయన మళ్ళీ చూశాడు. ముఖాలు చూడటంలో ఈ లోకానికి ఇంత శ్రద్ధ ఎప్పటినుంచి వచ్చిందో ఆమెకు అర్థం కాలేదు. ఇదే హైదరాబాదులో ఏడేళ్ళపాటు ఇంకో ఆడమనిషి ఫోటో మెడలో వేసుకుని తిరిగింది. ఒక్కరంటే ఒక్కరు తలెత్తి చూసిన పాపాన పోలేదు.

గచ్చిబౌలి పోయే బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఐదేళ్ళ కిందట, లాక్‌డౌన్‌లో, ఒక సంచీ నెత్తిన పెట్టుకుని ఊరికి నడిచిపోయింది. అప్పుడు పునాదులు తవ్వుతున్న చోటల్లా ఇప్పుడు మెడ వెనక్కి వంచినా కొస అందని బిల్డింగులు లేచి ఉన్నాయి. పక్కసీటు పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. రేణుక చూపు మాత్రం అద్దాల మీది నీటి చారల మీద పడింది. నలభై అంతస్తుల అద్దాలు ఎవరు తుడుస్తున్నారో, లోపల ఎంతమంది ఆడవాళ్ళు బకెట్లు మోస్తున్నారో అనుకుంది. అనుకుంటూనే ఖాజాగూడ గుట్టలు కనబడతాయేమోనని కిటికీలోంచి తల బయటపెట్టి వెతికింది. ఎంత తిట్టుకున్నా ఈ ఊరు తనకు అన్నం పెట్టిన ఊరు, అది కాదనడానికి లేదు.

ఆ రోజు మంగళవారం. శుక్రవారం పొద్దున పది గంటలకల్లా ఒక కాగితం పట్టుకుని నారాయణపేట జిల్లా దవాఖాన ఆఫీసులో నిలబడాలి. రెండేళ్ళుగా ఆ దవాఖానలో కాంట్రాక్టు కింద ఊడుస్తోంది. ఇప్పుడు ఊడ్చేవాళ్ళ మీద ఒక సూపర్‌వైజరును పెడతామన్నారు. పెద్ద బిల్డింగులో కనీసం మూడేళ్ళు పనిచేసినట్టు రాతపూర్వకంగా చూపించిన మనిషికే ఆ పని. మొత్తం పదకొండు మందిలో, బాత్రూము తుడిచిన గుడ్డతో మందుల బల్ల తుడవకూడదని తెలిసింది తనొక్కతెకేనని రేణుకకు గట్టి నమ్మకం. ఎర్రగుడ్డ బాత్రూములకు, నీలిగుడ్డ బల్లలకు అని అక్కడ చెప్పబోతే, నువ్వెవరివి చెప్పడానికి అన్నారు. ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకునే ఉంది. ఈ కాగితం వస్తే తనెవరో చెప్పొచ్చు.

రాయదుర్గం మెట్రో స్టేషనుకు కూతవేటు దూరంలో ఉంది ఆమె పనిచేసిన బిల్డింగు. ఏడేళ్ళూ వెనకవైపు ర్యాంపు మీంచి, బేస్‌మెంటులోంచి లోపలికి వెళ్ళింది. ముందు తలుపులోంచి వెళ్ళడం ఇదే మొదటిసారి. రిసెప్షన్‌లో అమ్మాయి ఒక చిన్న కెమెరా ముందు నిలబెట్టి, ఆధార్ చూసి, పేరూ ఫోటో ఉన్న స్టిక్కరు ఒకటి చేతికిచ్చింది. అంటించుకుంటూ కిందికి చూస్తే నల్లరాతి నేల మీద తెల్లటి సబ్బు చార. మాప్ సరిగ్గా పిండకుండా వేశారు. చెప్పాలని నాలుక దురద పెట్టింది గానీ, వచ్చిన పని వేరని ఊరుకుంది.

బిల్డింగు పనులు చూసే ఫెసిలిటీ మేనేజరు పేరు ఓంకార్. ముప్పై దాటి ఉండవు. మర్యాదగా కూర్చోమన్నాడు. కంప్యూటరులో పేరు కొట్టాడు, ఊరి పేరు కొట్టాడు, మళ్ళీ పేరు కొట్టాడు. రేణుక అనే పేరుతో ఎవరూ లేరన్నాడు. పాత హౌస్‌కీపింగ్ ఏజెన్సీ ఎప్పుడో మారిపోయిందని, వాళ్ళు ఇచ్చిపోయిన జాబితా మాత్రం తన దగ్గర ఉందని చెప్పాడు. రేణుక కాసేపు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత, నవనీత అని కొట్టి చూడమంది.

నవనీత ఉంది. రెండువేల పదమూడు జూన్ నుంచి రెండువేల ఇరవై మార్చి దాకా. ఆరో అంతస్తు. సెలవులు బాగా తక్కువ. రెండుసార్లు ఉత్తమ పనివారు అని సర్టిఫికెట్. పక్కనే ఫోటో. గుండ్రటి ముఖం, గడ్డం మీద పుట్టుమచ్చ. ఓంకార్ ఆ ఫోటో చూశాడు, ఎదురుగా కూర్చున్న బక్కపలచటి మనిషిని చూశాడు. పొద్దున కండక్టరు చూసినట్టే.

రేణుక ఉన్నదున్నట్టు చెప్పింది. నవనీత తమ పక్క ఊరి పిల్ల. నాలుగు నెలలు పనిచేసి, కడుపుతో ఉండి మానేసింది. ఆమె బదులు రేణుక వచ్చింది. కొత్త మనిషికి పోలీసు కాగితాలు, కార్డు రావడానికి నెల పడుతుందని, అందాకా ఇది వేసుకొమ్మని ఏజెన్సీ సూపర్‌వైజరు నవనీత కార్డు ఆమె మెడలో వేశాడు. ఆ నెల ఎప్పటికీ పూర్తి కాలేదు. అడిగినప్పుడల్లా, కార్డు సంగతి బయటికొస్తే ముందు పోయేది నీ పనే అన్నాడు. ఆ రెండు సర్టిఫికెట్లూ నవనీత పేరుమీద తనే చప్పట్ల మధ్య తీసుకుంది.

"అంటే, ఏడేళ్ళు వేరేవాళ్ళ కార్డు మీద లోపలికి వచ్చారా?" అన్నాడు ఓంకార్ నెమ్మదిగా.

"నేను వచ్చుడు కాదు సార్, రప్పించుకున్నరు," అంది రేణుక. గొంతు తను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది.

ఓంకార్‌కు కోపం రాలేదు. వచ్చి ఉంటే ఆమెకు ఇంకో నాలుగు మాటలు అనే వీలు చిక్కేది. నవనీత పేరుమీదైతే ఇప్పుడే రాసిస్తానని, కానీ అది నవనీతకే ఇవ్వాలని చెప్పాడు. రేణుక పేరుమీద రాయాలంటే ఈ బిల్డింగులో ఆమె ఉన్నట్టు ఒక్క ఆధారం కావాలి, ఒక్క కాగితమైనా సరే అన్నాడు. ఏడేళ్ళలో ఆ ఆరో అంతస్తు నేల మీద తను తిప్పిన మాప్‌ను గుర్తు చేసుకుంది రేణుక. తుడిచిన నేలకు గుర్తు ఏముంటుంది? బాగా తుడిస్తే అసలే ఉండదు.

*

ఆ రాత్రికి ఖాజాగూడలో చంద్రమ్మ దగ్గర ఆగింది. ఒకప్పుడు రేకుల గదిలో పక్కపక్కనే కిరాయికి ఉన్న మనిషి. వనపర్తి వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయింది. రేకుల గదులు పోయి అక్కడ ఐదంతస్తుల లేడీస్ హాస్టల్ లేచింది. చంద్రమ్మ ఆ హాస్టల్లోనే వంట చేస్తూ, మెట్ల కింద గదిలో ఉంటోంది. రేణుకను చూడగానే చేతిలో గరిటె పక్కన పెట్టి, ఇంత నల్లబడ్డవేందే అని ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది.

చపాతీల పిండి పిసుకుతూ రేణుక కడుపులో ఉన్నదంతా వెళ్ళగక్కింది. ఆరో అంతస్తులో మూడొందల మంది కూర్చునేవారు. తను బల్ల తుడుస్తుంటే చేతులు ఎత్తేవారే గానీ కళ్ళు ఎత్తేవారు కాదు. కార్డు మీద గుండ్రటి ముఖం, దాని పైన కోల ముఖం. ఒక్కరైనా చూసి ఉంటే అప్పుడే తేలిపోయేది, తన పేరు తనకు వచ్చేది, లేదా పని పోయేది. ఏదో ఒకటి అయ్యేది. గోడను చూసినట్టు చూశారు, వాళ్ళ కళ్ళు కాకులెత్తుకుపోను అని తిట్టింది. చంద్రమ్మ అడ్డు చెప్పలేదు. పిండి బాగా నలిగితే చపాతీ మెత్తగా వస్తుందని, ఇంకాస్త తిట్టుకొమ్మంది.

నవనీతకు ఫోన్ చేశారు. ఇప్పుడు బాచుపల్లిలో ఒక బడిలో ఆయా. సంగతి విని ఒకటే నవ్వు. తను చేసింది నాలుగు నెలలు, అందులో నెల రోజులు వాంతులతోనే సరిపోయిందని, ఉత్తమ పనిమనిషి ఎట్లా అయ్యానని అడిగింది. నవ్వు ఆగాక గొంతు మారింది. నా పేరును మంచిగ కాపాడినవే అక్కా అంది. ఏ కాగితం మీద సంతకం కావాలన్నా వచ్చి పెడతానంది. కానీ ఆమె సంతకంతో రేణుక ఆ బిల్డింగు మనిషి అయిపోదు కదా.

బుధవారం పొద్దున్నే కూకట్‌పల్లి పోయింది. పాత ఏజెన్సీ ఆఫీసు అక్కడ ఒక మేడ మీద ఉండేది. మెట్లెక్కి చూస్తే ఆ గదిలో ఆడపిల్లలు కుట్టుమిషన్లు నేర్చుకుంటున్నారు. ఏజెన్సీ గురించి ఎవరికీ తెలియదు. కింద జిరాక్స్ కొట్టు ఆయనకు మాత్రం సూపర్‌వైజరు గుర్తున్నాడు, బోర్డు తీసేసి ఎటో పోయాడట. మెట్రోలో తిరిగి వస్తుంటే నిస్సత్తువగా అనిపించింది. చంద్రమ్మ ఫోన్ చేసి ఒకే మాట అడిగింది. ఆ బిల్డింగులో రోజూ పొద్దున్నే నీ చేతికి తాళంచెవులు ఇచ్చిన మనిషి ఎవరు?

నర్సింహ. బేస్‌మెంటు సెక్యూరిటీ. ఆ పేరు రేణుకకు నిన్నటినుంచీ మనసులో ఉంది, కావాలనే పక్కకు నెట్టింది. ఆయన దగ్గరికి పోవడమంటే, ఏడేళ్ళు నీ కళ్ళు కప్పానని ఆయన ముఖం మీదే చెప్పడం. చలికాలంలో తన వాటా టీ సగం కప్పులో పోసిచ్చిన మనిషి. ఆఫీసు సార్లను తిట్టినట్టు ఆయనను తిట్టలేదు ఆమె ఎన్నడూ.

ర్యాంపు దగ్గర ఎండ చురచురలాడుతోంది. నర్సింహ అక్కడే ఉన్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది, నడుం కొంచెం వంగింది. పొడుగు కర్రకు బిగించిన అద్దాన్ని కారు కిందికి తోసి, ఒక చివరినుంచి ఇంకో చివరికి నెమ్మదిగా జరిపి, చేయి ఊపి పంపిస్తున్నాడు. ఎన్ని కార్లు వచ్చినా తొందరపడడు. రేణుకను చూసి తల ఊపాడు, ఆగమన్నట్టు చేయి చూపించాడు. పది నిమిషాలకు ఇంకొకాయనను నిలబెట్టి, ర్యాంపు పక్కనున్న చిన్న గదిలోకి తీసుకుపోయి ఫ్యాను వేశాడు.

ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పేసింది. ఆ కార్డు తనది కాదని, నవనీత తను కాదని, రోజూ మీ ముందునుంచి దొంగలా పోయానని, తప్పయిందని.

నర్సింహ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"నవనీతకు గదుమ మీద పుట్టుమచ్చ ఉండె. నీకు లేదు. మొదటి దినమే చూసిన."

రేణుక చేయి తన గడ్డం మీదికి పోయింది. "మరి ఎందుకు ఆపలే సార్?"

"ఆపుదామనే అనుకున్న. రేపు అడుగుదామనుకున్న. ఆ రేపేమో వాన. తడుసుకుంట ఐదున్నరకే వచ్చి గోడకు నిలవడ్డవు. ఇయ్యాల వద్దు, ఎల్లుండి అడుగుదాం అనుకున్న. గట్లనే ఏడేండ్లాయె."

అని, బీరువా తెరిచి అట్టలు ఊడిన రిజిస్టర్లు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. తాళాల రిజిస్టర్లు. పొద్దున్నే ఏ అంతస్తు పనిమనిషి ఆ అంతస్తు సామాన్ల గది తాళంచెవి తీసుకుంటుంది, సంతకం పెడుతుంది, పక్కన సెక్యూరిటీ సంతకం పెడతాడు. పాతవి తుక్కు కింద పోయాయని, రెండువేల పదహారు నుంచి ఇరవై దాకా ఉన్నవి మిగిలాయని చెప్తూ ఒకటి తెరిచి ఆమె వైపు తిప్పాడు.

ఆరో అంతస్తు. రేణుక. మర్నాడు, ఆరో అంతస్తు. రేణుక. పేజీ తిప్పితే రేణుక. పెద్ద పెద్ద అక్షరాలు, రాత్రిబడిలో నేర్చుకున్న రాత, కింద ఒక గీత.

ఆమె వేలితో ఆ గీతను తడిమింది. మొదటి రోజు నిద్రమత్తులో అలవాటుగా సొంత పేరు రాసేసింది. చేతికి వచ్చిన రాత అదొక్కటే. రెండో రోజు గానీ చూసుకోలేదు. మారిస్తే ఎవరి కంటైనా పడుతుందని భయపడి అదే పెట్టింది. నెల తిరిగినా ఎవరూ ఏమీ అనలేదు. తాళాల బల్ల దగ్గర ఉండే మిగతా గార్డులు బీహారు, ఒడిశా వాళ్ళు, తెలుగు చదవరు కదా అని ధైర్యం తెచ్చుకుంది. తర్వాత ఆ సంగతే మరిచిపోయింది. నర్సింహకు తెలుగు చదవడం వచ్చో రాదో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. ఇన్నాళ్ళూ తనను ఎవరూ చూడలేదని తిట్టుకుంది గానీ, తను మాత్రం ఈ మనిషిని ఏపాటి చూసింది?

ప్రతి రేణుక పక్కనా ఒక చిన్న సంతకం ఉంది. నర్సింహ, నర్సింహ, నర్సింహ. పైన అచ్చులో నియమం రాసి ఉంది, కార్డు మీది పేరూ సంతకమూ ఒకటైతేనే తాళంచెవి ఇవ్వాలని.

"ఇది చాలు గద నీకు?" అన్నాడు. పరీక్ష పాసైన పిల్లాడిలా ముఖం వెలుగుతోంది.

చాలు. కానీ దీన్ని పైకి తీసుకుపోతే తన పేరు పక్కనే ఈయన పేరు చదువుతారు. ఏడేళ్ళు తప్పుడు కార్డును తెలిసే లోపలికి పంపిన మనిషి అంటారు. ఆగస్టు ఆఖరుకు ఆయనకు అరవై నిండుతాయి, పని నుంచి తప్పుకుంటాడు. వెళ్ళే రోజు బిల్డింగు వాళ్ళు శాలువా కప్పుతారట, ఆ మాట ఇందాకే సిగ్గుపడుతూ చెప్పాడు. ఇంకా రెండున్నర నెలలు ఉంది. రేణుక రిజిస్టరు మూసేసింది. వద్దు సార్, ఇంకో దారి చూసుకుంట అంది. ఆయన ఏదో అనబోతే వినకుండా ర్యాంపు ఎక్కి బయటికి వచ్చేసింది.

రోడ్డు మీదికి వచ్చాక ఏడుపొచ్చింది. కాగితం రాలేదని కాదు. ఆ ఊళ్ళో తనను మొదటి రోజునుంచీ ఒకరు చూశారు. ఆ సంగతి తెలియకుండానే సొంతూరికి నడిచిపోయి, ఐదేళ్ళు ఈ ఊరంతటినీ తిట్టింది.

*

గురువారం పొద్దున చంద్రమ్మ పెట్టిన ఉప్మా తిని, సంచీ సర్దుకుంది. పదిన్నర బస్సు పట్టుకుంటే చీకటి పడకముందే ఊరు చేరొచ్చు. దవాఖానలో సూపర్‌వైజరు ఎవరైతేనేం, తన చేతిలో ఎర్రగుడ్డ ఎర్రగుడ్డే, నీలిగుడ్డ నీలిగుడ్డే అని తనకు తనే సర్దిచెప్పుకుంటోంది. అంతలో ఫోన్ మోగింది. ఓంకార్. ఒక్కసారి ఆఫీసుకు రాగలరా అన్నాడు.

వెళ్ళేసరికి ఆయన బల్ల మీద ఆ రిజిస్టర్లన్నీ పేర్చి ఉన్నాయి. పక్కన నర్సింహ టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. రేణుక ప్రాణం ఉసూరుమంది. తను వద్దన్నా వినకుండా, డ్యూటీ ఎక్కగానే ఆయనే మోసుకొచ్చాడు.

ఓంకార్ ఒక్కో పేజీ తిప్పుతున్నాడు. ఎక్కడో ఆగి, వేలితో రెండు సంతకాలూ కలిపి చూశాడు. చాలాసేపటికి తలెత్తి, ఇది తప్పని తెలిసే పంపించారా అని నర్సింహను అడిగాడు.

"తెలిసే సార్. కార్డు మీది ఫోటో వచ్చి పని చెయ్యలే. ఈమె చేసింది. ఎవరు చేసిన్రో గది రాసి పెట్టిన."

ఓంకార్ రిజిస్టరును దగ్గరికి లాక్కున్నాడు. కంప్యూటరు వైపు తిరిగి పావుగంట టైపు చేశాడు. కాగితం తీసి, సంతకం పెట్టి, ముద్ర వేసి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదివి వినిపించాడు. ఈ బిల్డింగు తాళాల రిజిస్టరు ప్రకారం రేణుక అనే ఆమె రెండువేల పదహారు ఏప్రిల్ నుంచి రెండువేల ఇరవై మార్చి దాకా ఆరో అంతస్తు పనులు చూసుకుందని, ఆ కాలంలో ఆమె మీద ఏ ఫిర్యాదూ లేదని. కాగితం ఆమె చేతికిచ్చాక, ముఖం చిన్నబుచ్చుకుని ఇంకో మాట చెప్పాడు. రిజిస్టరు చూశాడు కాబట్టి ఇది రాయగలిగాడు. చూశాడు కాబట్టే సెక్యూరిటీ ఏజెన్సీకి కూడా రాయక తప్పదు. ఒకటి రాసి ఒకటి దాచడం తన వల్ల కాదన్నాడు. నర్సింహ, అది మీ డ్యూటీ సార్ అన్నాడు మామూలుగా.

ఏజెన్సీ నుంచి మాట రావడానికి గంట కూడా పట్టలేదు. రేణుక ర్యాంపు దగ్గరే గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నర్సింహ మెడలోంచి ఈల తాడు తీసి, అద్దం కర్రతోపాటు కొత్తాయన చేతికిచ్చాడు. అద్దాన్ని ముందు చక్రం దగ్గర ఎట్లా వంచాలో ఒకసారి చూపించాడు. కొత్తాయన తొందర తొందరగా జరిపితే, మళ్ళీ ఆపి, మెల్లగ అన్నాడు.

రేణుకకు ఆగలేదు. ఎదురుగా పోయి నిలబడింది.

"ఎందుకు చేసినవన్నా గిట్ల? నేను వద్దన్న గద!"

ఏడేళ్ళలో ఎన్నడూ ఆయనను అన్నా అని పిలవలేదు. నర్సింహ అది విన్నట్టే ఉన్నాడు. బస్సు ఎన్నింటికి అని అడిగాడు. నాలుగింటికి ఒకటి ఉందంది. అయితే మస్తు టైమున్నది, తినిపోదువు రా అని టీవీఎస్ బండి స్టాండు తీశాడు.

వెనక కూర్చుని నానక్‌రాంగూడ దాకా రేణుక ఆయన ఇంటావిడ గురించే ఆలోచించింది. ఏమంటుంది? అనాల్సిందే. ఆమె చోట తను ఉన్నా అనేది. అరవై ఏళ్ళ మనిషికి చివరి రోజుల్లో ఈ తలవంపు ఎవరి మూలంగా వచ్చింది? ముందే కాళ్ళ మీద పడదామా, తిట్టడం అయ్యాక పడదామా అని కూడా ఆలోచించింది. దార్లో కొత్త టవర్లు ఏమేమి దాటిందో ఒక్కటీ కంటికి ఆనలేదు. సంచీలో ఉన్న కాగితం బరువుగా తోచింది. ఇచ్చేద్దామంటే వెనక్కి పుచ్చుకునేవారు ఎవరూ లేరు.

పెద్ద అపార్ట్‌మెంట్ల వెనక ఊరు ఇంకా ఊరులాగానే ఉంది. సన్నటి సందు, చివర పెంకుటిల్లు. గడప దగ్గర పీట వేసుకుని ఒక లావుపాటి ఆవిడ పుంటికూర తెంపుతోంది. మొగుడిని ఆ వేళలో చూసి ఆమె చేయి ఆగింది. ఈల తాడు లేని మెడను చూసింది. వెనక నిలబడ్డ మనిషిని చూసింది.

"రేపటి సంది ఇంట్లనే ఉంట సీతా," అన్నాడు నర్సింహ బండి ఆపుతూ. "ఈమె రేణుక."

సీతాబాయి చేతిలోని కాడ పళ్ళెంలో పడింది. రేణుక సంచీ కింద పెట్టింది. వదినా అని ఏదో మొదలుపెట్టింది. సీతాబాయి లేచింది. రెండు అడుగుల్లో దగ్గరికి వచ్చి, పుంటికూర వాసన కొడుతున్న చేత్తో గడ్డం పట్టుకుని ముఖం పైకి ఎత్తింది.

"రేణుకవా నువ్వు? జర ఒళ్ళు చేసినవు. గప్పుడు ఇంకా సన్నగుంటివి."

రేణుక అర్థం కాక చూసింది. ఈమెను ఎన్నడూ ఎక్కడా చూసిన గుర్తు లేదు.

సీతాబాయి ఆమె చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయి చాప మీద కూర్చోబెట్టింది. కంచం కడుగుతూ, మొగుడి వైపు వేలు చూపిస్తూ చెప్పింది. ఏడాదికి రెండుసార్లు ఆ బిల్డింగులో ఆడిట్ అని పెద్ద సార్లు వచ్చేవారు. ఆ నాలుగు రోజులూ ఈయనకు అన్నం దిగేది కాదు. నిద్రలో రేణుక, రేణుక అని కలవరించేవాడు. ఏమైందంటే చెప్పడు. ఎవతె ఈ రేణుక అని ఆమెకు ఒళ్ళు మండింది. ఒకరోజు, టిఫిన్ డబ్బా మరిచిపోయాడని వంక పెట్టుకుని, తనే పట్టుకుని బిల్డింగుకు బయల్దేరింది, ఆ రేణుక సంగతి తేల్చుకుందామని. చీర కూడా మంచిది కట్టుకుందట. గడపలో కూర్చున్న నర్సింహ సిగ్గుతో తల అటు తిప్పుకున్నాడు. రేణుకకు అంత బాధలోనూ నవ్వొచ్చింది.

"ఈయన చూపెట్టిండు. బేస్‌మెంట్ల మెట్ల మీద కూసుండి, బకీటు మీద తల పెట్టి కునుకుతున్నవు. సబ్బునీళ్ళకు చేతులు తెల్లగ నాని ఉన్నయి. గప్పుడు చెప్పిండు కార్డు సంగతి. మల్ల ఆడిట్ల తెలిస్తే ఎట్ల, రేపు ఆపేస్త అన్నడు."

సీతాబాయి కంచంలో అన్నం వడ్డించింది.

"ఆ పిల్లను ఆపినవనుకో, నీకు ఈ ఇంట్ల బువ్వ లేదు అన్న."

రేణుక తల వంచుకుంది. కళ్ళనీళ్ళు కంచంలో పడతాయని కొంగు అడ్డం పెట్టుకుంది. రెండువేల పధ్నాలుగులోనో పదిహేనులోనో, తను మెట్ల మీద ఒక నిమిషం కునుకు తీసి లేచేలోపల, తనకు తెలియని మనిషి ఒకావిడ వచ్చి, చూసి, తన బతుకు నిలబెట్టి, టిఫిన్ డబ్బా అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. ఈ ఊళ్ళో తను తిన్న ప్రతి ముద్దలోనూ ఈమె చేయి ఉంది. దండం పెడదామంటే ఎంగిలి చేయి. అట్లాగే కూర్చుండిపోయింది.

నర్సింహ లోపలికి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. తనకూ ఒక కంచం పెట్టమన్నాడు. ఈ పూట ఆయన ఆకలిగానే ఉన్నాడు. సీతాబాయి ఆయనకు పెట్టి, రేణుక కంచంలో ఇంకో గరిటెడు పప్పు వేసింది.

"ఏడ్చుడు తర్వాత. నాలుగింటికి బస్సున్నదట గద. తిను రేణుకా," అంది.

ఆ ఇంట్లో ఆ పేరు కొత్తగా వినబడలేదు.